అత్తమ్మ కుట్టిన కారు టాపు

పెళ్ళయి సిరిసిల్ల నుంచి షోలాపూర్ వచ్చాక నేను చూసిన మొదటి వానాకాలం అది. తొంభైల మొదట్లో. దాజీ పేట్‌లో మా ఇంటి ముందుగదిలో రెండు పవర్‌లూములుండేవి. మామయ్య ఒకటి, మా ఆయన ఒకటి నడిపేవారు. వెనక వసారాలో అత్తమ్మ కుట్టుమిషను. చాదర్ల అంచులు మడిచి కుట్టడం ఆమె పని. లారీలవాళ్ళు చిరిగిన టార్పాలిన్లు కూడా ఆమె దగ్గరికే తెచ్చేవారు. నాకు ఆమె అంటే భయం. తిట్టేది కాదు, అసలు మాట్లాడేది కాదు.

ఒకరోజు పొద్దున మా సందులోకి ఎర్రటి కారు ఒకటి వచ్చింది. ఎంత కిందికి ఉందంటే దాని ముందుభాగం నా మోకాలి ఎత్తు దాటదు. అందులోంచి అరవై ఏళ్ళ పెద్దమనిషి తడిసిన చొక్కాతో దిగాడు. పుణె నుంచి హైదరాబాద్ పోతున్నాడట. దారిలో వెదురుబొంగుల బండి రాసుకుపోయి కారు టాపు మూరెడు చిరిగింది. ఆ కారుకు పైకప్పు రేకు కాదు, బట్ట. రోడ్డు మీద మెకానిక్‌ని అడిగితే, ఇంజనైతే చూస్తాగానీ బట్టయితే నేతవాళ్ళ పేటకు పొమ్మన్నాడట.

అత్తమ్మ చిరుగును రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"పైనొక బట్ట, కిందొక బట్ట, నడుమ రబ్బరు," అంది నాతో.

ఆయన పిన్నిని పిలిచినట్టు పిలిచి మరాఠీలో బతిమాలాడు. "మావ్‌శీ, ఇది ఇటలీ బండి. కొత్త టాపు అక్కడినుంచే రావాలి. హైదరాబాద్ దాకా ఆగితే చాలు."

అత్తమ్మ ఆయనకు మరాఠీలోనే సరే అని, నా వైపు తిరిగి తెలుగులో గొణిగింది. "హైదరాబాద్ దాంక ఆగే కుట్టు నేను కుట్ట. కుడితె కుట్టినట్టుండాలె."

టాపు ఊడదీసి మిషను మీద వేసే వీలు లేదు. చేత్తోనే కుట్టాలి, లోపల ఒకరు ఉండాలి. "ఓ పిల్లా, నువ్వు లోపట కూసో," అంది. దబ్బనమైతే రంధ్రాలు పెద్దవవుతాయని పరుపులు కుట్టే సూది తీసి, దారానికి మైనం రాసింది. ఆమె పైనుంచి సూది గుచ్చేది, నేను లోపలినుంచి లాగి తిరిగి పైకి గుచ్చేదాన్ని. ఒకరి మొహం ఒకరికి కనబడదు. అందుకేనేమో, ఆమెకు మాటలొచ్చాయి.

"లోపట ఏమేమున్నయే?"

"రెండే సీట్లు అత్తమ్మా. తోలువి. స్టీరింగ్ కట్టెది. గడియారాలసొంటివి ఐదున్నయి. ఒకదాని మీద రెండువందల ఎనబై దాంక అంకెలున్నయి."

"రెండువందల ఎనబయ్యా! గంత ఉరికి యాడికి పోతడట?"

నాకు నవ్వాగలేదు. పక్కనే చాయ్ తాగుతున్న పెద్దమనిషిని హిందీలో అడిగాను. ఆయనకు అదే కావలసింది. ఎనిమిది సిలిండర్లట. ఆగిన చోటునుంచి ఏడు లెక్కపెట్టేలోపు వంద వేగం అందుకుంటుందట. నేలకు అంటుకున్నట్టుంటుంది గనక మలుపులో ఒరగదట. ఒక్కొక్కటే నేను పైకి చెప్పాను, "అట్లనా!" అంటూ ఆమె సూది దించుతోంది.

కుట్టు పూర్తయ్యాక అత్తమ్మ బిందెడు నీళ్ళు కుమ్మరించింది. ఒక మూల నుంచి నా ఒళ్ళోకి చుక్కలు పడ్డాయి. చెబితే ఏమంటుందోనని ఒక్క క్షణం ఆగాను.

"ఉరుస్తున్నది అత్తమ్మా."

పెద్దమనిషి ఫరవాలేదన్నాడు. ఆమె వినలేదు. సగం కుట్టు విప్పి మళ్ళీ కుట్టించింది. సైకిల్ షాపులో పంక్చర్లకు వాడే సొల్యూషన్ తెప్పించి కుట్టు పొడుగునా పూసింది. రెండో బిందెకు చుక్క రాలేదు.

ఆరాక ఆయన రెండు కొక్కేలు విప్పి టాపును వెనక్కి మడిచాడు. తన కుట్టు మడతలో ఎట్లా కూర్చుంటుందోనని అత్తమ్మ వంగి చూస్తుంటే, "కూర్చోండి మావ్‌శీ, ఒక చుట్టు తిరిగొద్దాం," అన్నాడు. వద్దంటుందనుకున్నాను. కొంగు నడుముకు బిగించి ఎక్కింది.

అక్కల్‌కోట్ రోడ్డు దాకా వెళ్ళి వచ్చారు. తిరిగొచ్చేసరికి ముడి ఊడి జుట్టంతా మొహం మీదికొచ్చింది. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి. నవ్వుతోంది. ఆమె నవ్వు చూడటం నాకు అదే మొదలు.

"నిలబడ్డవేంది? ఎక్కు," అంది దిగుతూనే. "మగ్గాల కాడ మీ మామకు నేను చెప్త తీ."

నీలం నగర్ దాటాక రోడ్డు ఖాళీ అయింది. ఆయన కాలు నొక్కగానే ఎవరో గుండె మీద చెయ్యి పెట్టి నెట్టినట్టు వీపు సీటుకు అతుక్కుపోయింది. టాపు లేని కారులో ఇంజను మోత చెవుల్లో కాదు, కడుపులో వినబడుతుంది. భయపడాల్సింది. నోటినుంచి "ఔర్ తేజ్", ఇంకా జోరుగా, అని వచ్చింది. మేకలు అడ్డొస్తే బ్రేకు వేశాడు. అంత వేగంలో ఉన్న బండి ఇటూ అటూ ఊగకుండా గీత గీసినట్టు ఆగింది.

ఆయన వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు, ఆ కుట్టు ఎన్నాళ్ళు ఆగిందో మాకు తెలియదు. ఆ మర్నాటి నుంచి అత్తమ్మ తన మధ్యాహ్నం చాయ్‌తో పాటు నాకూ ఒకటి వసారాలోకే తెప్పించేది. అత్తమ్మ ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరికీ ఒకటే పంచాయితీ, ఎవరి చుట్టులో బండి ఎక్కువ ఉరికిందని. నూటపది దాకా ముల్లు తానే చూశానని ఆమె. నాకు నూట ఇరవై దాటిందని నేను.

"దాటుతది మరి," అనేది ఉక్రోషంగా. "నన్ను జూసి ముసల్దని మెల్లగ నడిపిండు."