వడిలో పట్టు

రెండేళ్లపాటు నా పరిశోధనను పాడుచేసినవాణ్ణి నేనే. మరొకరి మీదికి తోసేద్దామని చూశాను గానీ ఎవరూ దొరకలేదు.

మా ల్యాబ్‌లో మేము తయారుచేసిన నానోకణాలు కంటికి కనిపించవు. ఆ రోజుల్లో నా తెలివి కూడా అంతే. చిరిగిన రక్తనాళంలో, రక్తం వడిగా పారేచోట, అవి గోడకు అతుక్కోవాలి. అందుకని ఆ గోడలోని పదార్థం పూసిన గాజుపలక మీద వాటిని వదిలి, పైనుంచి ద్రవం పారించి, ఎన్ని మిగిలాయో తెర మీద చూడాలి. నాది నర్మెట్ట. ట్యాంకర్ వెనక బిందెతో పరుగెత్తి పెరిగినవాడికి ఏ ధారనైనా పూర్తిగా వదలాలంటే చేయి రాదు. ద్రవం వృథా అవుతుందని పంపును అతి తక్కువ వడిలోనే నడిపేవాణ్ణి. కణాలన్నీ జారిపోయేవి.

"ఏంది తమ్మీ, తులసికి పోసినట్టు పోస్తున్నవ్," అనేవాడు భూపాలపల్లి నుంచి వచ్చిన మా అటెండరన్న.

"గట్టిగ వదిలితె ఉన్నయి గూడ పోతయన్నా."

"ఇప్పుడేం మిగిలినయ్ మరి?"

ఎండాకాలంలోపు ఫలితం చూపకపోతే పరిశోధక విద్యార్థిగా నా పేరు కొట్టేస్తానన్నారు గైడ్ గారు. "ఉద్యమం మీకు మంచి సాకు దొరికిందయ్యా," అని కూడా అన్నారు.

తెలంగాణ కోసం బంద్ నడుస్తున్న రోజే, అక్క దగ్గర ఉంటున్న బాపు మహబూబాబాద్ దవాఖానలో పోయాడు. బస్సుల్లేవు, రైళ్లు ఆగిపోయాయి. ఆ బంద్ గెలవాలని ముందురోజు నేనూ గొంతు చించుకున్నాను. దొరికిన బండ్లెక్కి, కొంత నడిచి చేరేసరికి చితి ఆరింది. అక్క ఒక్క మాటే అంది: "నిన్నే అడిగిండురా."

దినాలయ్యాక తిరిగొచ్చి పంపును చివరిదాకా తిప్పాను. ఇక పొదుపు ఎవరికోసం అనిపించింది. కణాలు కదల్లేదు. వడి తగ్గించాను, జారిపోయాయి. కొత్త పలక పెట్టి మళ్లీ పెంచాను, పట్టుకున్నాయి. వదులుగా తగిలించిన రెండు కొక్కేలు ఊగితే ఊడిపోతాయి, గుంజితే ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. ఇవీ అంతే. పదిసార్లు చేశాను. సంతోషం మాత్రం రాలేదు. చెప్పుకోవలసిన మనిషి లేడు.

నా పేరు నిలిచింది. పరిశోధన పత్రంలో మాత్రం గైడ్ గారి పేరు వెనక నిలిచింది. ఆయన దాన్ని చదవకుండానే సంతకం చేశారు. తర్వాత పెద్దలెవరో చూడ్డానికి వస్తే, ప్రయోగం తానే చేసి చూపిస్తానని కూర్చున్నారు. పంపు మీద చేయివేసి, "ఎంత వడి పెట్టాలయ్యా?" అని గొంతు తగ్గించి నన్నడిగారు.

"అన్నిటికంటే తక్కువ పెట్టండి సార్. చాలా సుకుమారమైనవి," అన్నాను.

పెద్దలు తెర మీద ఖాళీ పలకను చాలాసేపు చూశారు.