తొమ్మిది పాయింట్ రెండు

మా ఫిజిక్స్ ల్యాబ్ అటెండరుని పిల్లలు ‘పాయింట్ ఎనిమిది’ అంటారు. లోలకాన్ని ఊపి, దారం పొడవు కొలిచి, ఊగడానికి పట్టే సమయం చూసి గురుత్వ త్వరణం లెక్కకట్టే ప్రయోగం ఒకటుంది. జవాబు తొమ్మిది పాయింట్ ఎనిమిది రావాలని చేయకముందే అందరికీ తెలుసు. రానివాళ్ళకి ఆయన బీరువా వెనకనుంచి అట్ట చిరిగిన నోటుపుస్తకం తీసి, రావలసిన అంకెలు చదివి వినిపిస్తాడు. పిల్లలు ఫెయిలైతే ఆయనకి అన్నం సహించదు, అంతే. ఇరవై ఏళ్ళ కిందట నేను గట్టెక్కిందీ ఆ పుస్తకం పుణ్యానే. ఇప్పుడు అదే ల్యాబులో లెక్చరర్ని. ఎర్ర పెన్ను నా జేబులో ఉంటుంది.

ఈ ఏడు ముప్పై ఒక్క రికార్డులు దిద్దాను. ముప్పై మందికి తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఒక్కరికి మాత్రం తొమ్మిది పాయింట్ రెండు. దాని మీద ‘అజాగ్రత్త. మళ్ళీ చేయాలి’ అని రాసి, సంతకం పెట్టకుండా పక్కన పడేశాను. సంతకం లేకపోతే పరీక్షకి రానివ్వరు. పరీక్ష ఎల్లుండే. ఆ రికార్డు అటెండరు కూతురిది.

మర్నాడు పొద్దున్నే ఆ అమ్మాయి నా బల్ల ముందు నిలబడింది. వెనక తండ్రి, చేతులు నలుపుకుంటూ.

“సార్, అజాగ్రత్త అంటే నేనొప్పుకోను. ఐదుసార్లు చేశాను. ఐదుసార్లూ అదే వచ్చింది.”

“ఒకే బల్ల, ఒకే గడియారం. ముప్పై మందికి రానిది నీకే ఎందుకొచ్చిందమ్మా?”

“వాళ్ళు నాన్నని అడిగారు సార్. నేను గడియారం చూశాను.”

తండ్రి తల పట్టుకున్నాడు. “నిన్నట్నుంచీ బతిమాలుతున్నాను సార్. నాలుగంకెలు మార్చవే తల్లీ అంటే వినదు. అంతా వాళ్ళమ్మ పోలిక.”

నాకు ఒళ్ళు మండింది. చేసి చూపిస్తాను పదమని లేచాను. లోలకం నేనే ఊపాను, ఊపులు నేనే లెక్కపెట్టాను. తొమ్మిది పాయింట్ రెండు వచ్చింది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే. అమ్మాయి ఊగుతున్న గుండుని ఆపి నా వైపు చూసింది. ఏదో ఒకటి అనేస్తే బాగుండుననిపించింది.

అటెండరు ముందుకొచ్చాడు. “తప్పు పిల్లది కాదు సార్. నాది. ఆ స్టాప్ క్లాక్ విప్పి బిగించింది నేనే.”

ల్యాబులో ఏది పాడైనా బయటికి పంపకుండా తనే బాగుచేస్తాడని ఆయనకి పేరు. ఆ పేరంటే ప్రాణం. గడియారం పక్కన నా ఫోన్ పెట్టి చూశాం. నిమిషానికి రెండు సెకన్లు ఎక్కువ తిరుగుతోంది. ఊగే సమయం ఆమాత్రం ఎక్కువ చూపిస్తే చాలు, పాయింట్ ఎనిమిది పాయింట్ రెండుకి దిగిపోతుంది.

“ఎప్పుడు బాగుచేశారు?”

“పదకొండేళ్ళయింది సార్.”

“పదకొండేళ్ళా! ఒక్కరూ చెప్పలేదా?”

“ఎలా చెప్తారు సార్? అందరికీ సరిగ్గానే వచ్చేదిగా.”

ఆయన కళ్ళలో నీళ్ళు చూసి నాకు సిగ్గేసింది. ‘అజాగ్రత్త’ కొట్టేసి సంతకం పెట్టాను. అమ్మాయి రికార్డు తీసుకుని, బల్ల మీది మిగతా ముప్పై వైపు చూసింది.

“మరి వీటి మీద ఏం రాస్తారు సార్?”

రాయడం ఎప్పుడో అయిపోయింది. ముప్పై మీదా నా చేత్తోనే ‘చాలా జాగ్రత్తగా చేశారు’ అని ఉంది.