గూడెం వద్దన్న రోజు

రాజాం బస్టాండు వెనక ఎవరో జీడిపిక్కలు కాలుస్తున్నారు. ఆ ఘాటు పొగ గొంతుకు తగలగానే దగ్గొచ్చింది, దగ్గుతోపాటు పైడమ్మగారు గుర్తొచ్చారు. అందరూ ముక్కు మూసుకుని తప్పుకుంటుంటే నేను ఇంకాస్త దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆవిడ మీకెవరికీ తెలియదు. పేపర్లో ఫొటో పడిన మనిషి కాదు. భోగాపురం వైపు చేపలు పట్టే ఇంట్లో పుట్టి, ఎలాగో చదువుకుని, ఊళ్లలో మంచినీళ్ల కమిటీలు పెట్టించే మా చిన్న సంస్థకు పెద్దదిక్కయ్యారు. నా మొదటి ఉద్యోగం ఆవిడ దగ్గరే. చేరిన నెలకే ప్రజాస్వామ్యమంటే నాకు తెలిసినంత ఎవరికీ తెలియదనుకోవడం మొదలుపెట్టాను.

నాకప్పగించిన పని ఒకటే. కొండ మీది ఊట నుంచి పైపు వేసి, ఒక ట్యాంకు కట్టి, రెండు ఊళ్లకు నీళ్లివ్వాలి. కింద తెలుగు రైతుల ఊరు, పెద్దది. పైన సవర గిరిజనుల గూడెం, పాతిక గడపలు. రెంటికీ కలిపి ఒక కమిటీ. ట్యాంకు కింది ఊళ్లోనే కడదామన్నారు రైతులు. చేతులెత్తమన్నాను, ఎత్తారు. "కాదనేవాళ్లు?" అన్నాను. సవరలు నేల చూస్తూ కూర్చున్నారు. తీర్మానాల పుస్తకంలో ఏకగ్రీవమని రాసి కింద గీత కూడా కొట్టాను. తమ ఊట నీళ్ల కోసం గూడెం ఆడవాళ్లు కొండ దిగి రావాలన్న సంగతి నాకు తట్టనే లేదు. మర్నాటి నుంచి పైపు దారి కొలిచే పనికి గూడెంవాళ్లు ఒక్కరూ రాలేదు.

పైడమ్మగారు పుస్తకం చూసి, చెప్పులు తొడుక్కుని "పద" అన్నారు. మేం వెళ్లేసరికి గూడెంలో ఒక ముసలామె జీడిపిక్కలు కాలుస్తోంది. కట్టెతో పిక్కలు కదుపుతూ పొగలోంచే చెప్పింది: "నువ్వు తెలుగులో అడిగినావు. మేం ఇంటికెల్లి మా మాటలో మాటాడుకుంటాం. మర్నాడొచ్చి సెప్దామనుకున్నాం. నువ్వు రాసీసి ఎల్లిపోనావు."

పైడమ్మగారు నావైపు తిరిగి, "ఇన్నావా అమ్మీ? ఊరుకున్నోళ్లందరూ ఒప్పుకున్నోళ్లేటి? తప్పయిపోనాదని సెప్పు" అన్నారు. అందరి ముందూ చెప్పాను. ఏడుపొచ్చింది, ఆవిడ మీద కోపమూ వచ్చింది.

తర్వాత ఆవిడ కమిటీ నియమాలు తిరగరాయించారు. మొదటి మీటింగులో వినడమే. వారం గడిచాక రెండో మీటింగులో తీర్మానం. ముందు గూడెం మాట, అదీ వాళ్ల భాషలో. ఊట విషయంలో గూడెం ఒప్పుకోకపోతే పని ఆగాలి. కింది ఊరు భగ్గుమంది. "పాతిక గడపల కోసం ఇంతమందిమి ఆగాలేటి?" అంటూ ఒక రైతు పెద్ద లేచాడు.

"మావా, మా వోళ్లు ఒడ్డున వల లాగీటప్పుడు, రాయి తగిలినాది ఆగండ్రా అని ఒక్కడు అరిసినా అందరూ ఆగుతారు. ఎంతమంది అరిసినారని లెక్కెట్టరు. లాగీసినామంటే సిరిగేది అందరి వలే గదా" అన్నారావిడ. ఆయన ఒప్పుకోలేదు గానీ కూర్చున్నాడు.

అసలు చిక్కు వేరే ఉంది. ప్రభుత్వం పెట్టిన గడువులోగా తీర్మానం పంపకపోతే పథకం ఇంకో మండలానికి పోతుంది. పోతే ఆవిడ ఉద్యోగమూ పోతుందని ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే రెండో మీటింగుకి ఆవిడే ఒక మధ్యేమార్గం తెచ్చారు. ఊరికీ గూడేనికీ నడుమ, చింతతోపు దగ్గర ట్యాంకు. రైతులు గొణుగుతూనే సరేనన్నారు. బతికిపోయాం అనుకున్నాను. గూడెంవాళ్లు సవరలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి ఆ ముసలామె లేచింది.

"వొద్దు. అక్కడ సచ్చిపోయినోళ్లకి మేం నిలబెట్టిన రాళ్లున్నాయి. ఇంకో సోటు సూడండి."

గడువు రెండు రోజులే. నేను తల పట్టుకున్నాను. పైడమ్మగారు నా చెయ్యి నొప్పి పుట్టేలా నొక్కారు. చూస్తే ఆవిడ కళ్లలో నీళ్లు, ముఖం నిండా నవ్వు. "ఒసే, ఇన్నావా! వొద్దన్నారే! నోరిప్పి, మన మొకమ్మీదే వొద్దన్నారే!"

ఆ ఏడు పథకం పోయింది, ఆవిడ ఉద్యోగమూ పోయింది. మరుసటేడు పథకం మళ్లీ వచ్చినప్పుడు అదే కమిటీ, అవే నియమాలతో, గూడెం చూపించిన చోట ట్యాంకు కట్టించుకుంది. అప్పటికి ఆవిడ భోగాపురంలో ఎండుచేపలు అమ్ముతున్నారు. ఈ కబురు చెబితే, "మరి నీళ్లొస్తన్నాయా?" అని మాత్రం అడిగారు.

ఇప్పుడు ఎన్నో కమిటీలకు నియమాలు రాసేది నేనే. ఎవరూ కాదనని మీటింగంటే నాకు భయం. అలాంటి రోజున ఏమీ రాయకుండా, వారం తర్వాత మళ్లీ వస్తానని చెప్పి వచ్చేస్తాను. ఆలస్యం చేస్తున్నానని నాకు మెమోలు కూడా వచ్చాయి. పైడమ్మగారు బతికుంటే, నా సర్టిఫికెట్లకన్నా ముందు ఆ మెమోలే తీసుకెళ్లి చూపించేదాన్ని.