ఇంజిన్‌కు కప్పిన గోనెసంచి

చలికాలం వచ్చి దూడకు గోనెసంచి కప్పిన ప్రతిసారీ నేను చేసిన ఒక పని గుర్తొస్తుంది. ఆ బరువు ఇన్నేళ్లూ ఒక్కదాన్నే మోశాను. నేను చదివింది చిన్నబడి వరకే. తప్పులుంటే దిద్దుకుని చదవండి. జరిగింది మాత్రం ఇవాళ దాచను.

అప్పట్లో మా కొడుకు ఒక పాత కారు కొని కిరాయికి తిప్పేవాడు. తోలేది జఫర్‌గఢ్ ఊరి యాకూబ్. ఆ ఏడు మా దేవరుప్పులలో చలి ఎముకలు కొరికింది. పొద్దున కారు ఒక పట్టాన స్టార్టయ్యేది కాదు. పైన కప్పడానికి కవరు కొందామన్నాడు కొడుకు. దండగ అన్నాను. దూడను కాచే సంచి కారును కాయదా? ఒక సాయంత్రం ఎవరికీ చెప్పకుండా గోనెసంచి మడతపెట్టి, కారు మూతికున్న జాలీ వెనక సందులో కుక్కాను. తెల్లారి తీద్దామనుకున్నాను. బర్రె పాలు పిండి వచ్చేసరికి యాకూబ్ పెళ్లివాళ్లను ఎక్కించుకుని జనగామ బయల్దేరిపోయాడు.

దారిలోనే ఇంజిన్ కాగిపోయి పొగలు కక్కింది. ఆ పొగలో ఎవరూ బానెట్ ఎత్తి చూడకుండానే ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. అందరూ చాయ తాగుతుంటే నేను పోయి సంచి లాగేశాను. మాడు వాసన. కొంగు చాటున తీసుకెళ్లి గడ్డివాములో దాచాను.

మెకానిక్ వచ్చి చూశాడు. ఫ్యాన్ తిరుగుతోంది. నీళ్ల గొట్టం పగల్లేదు. ఇంత చలిలో ఇంజిన్ ఎందుకు కాగిందో అతనికి అంతుపట్టలేదు. నీళ్లు చూసుకోకుండా తోలి ఉంటాడన్నాడు. సంచి అడ్డుపడి గాలి అందక కాగిందని అక్కడ నాకొక్కదానికే తెలుసు.

యాకూబ్ నా వైపు తిరిగాడు.

"అవ్వా, నువ్వన్న చెప్పరాదె. నిన్న మాపటికి నీ ముంగట్నే నీళ్లు పోసిన గద!"

"నాకేమెర్క బిడ్డా? నేను బర్రెకాడున్న."

"గట్లంటవేందవ్వా? నీ చెంబుతోనే గద పోసింది. జర పైలం, సొట్ట పోతదని నన్ను తిడ్తివి గూడ!"

"నాకు యాదికి లేదు."

కొడుకు అతన్ని ఆ రోజే పనిలోంచి తీసేశాడు. నీళ్లు చూడని డ్రైవరని పేరు పడింది. చాలాకాలం ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు.

ఎందుకు అబద్ధమాడాను? కొడుకు తిడతాడనా? కాదు. ఇంట్లో అందరికీ పొదుపు లేదని గద్దించేదాన్ని నేను. నా పొదుపే ఇంజిన్‌ను కాల్చిందని తెలిస్తే రేపటి నుంచి నా మాట ఎవరు వింటారని. అంతే. ఆ పెద్దరికం కోసం ఒకరి పొట్ట కొట్టాను.

ఇప్పుడతను సొంత ఆటో తోలుతాడు. నన్ను చూస్తే ఆపి ఎక్కించుకునేవాడు. పెద్దమనిషివంటూ ఎన్నడూ కిరాయి తీసుకునేవాడు కాదు. డబ్బు మిగిలింది కదా అని సంబరపడాల్సినదాన్ని, ఆ ఆటోలో ముళ్ల మీద కూర్చున్నట్టుండేది.

మొన్న పొద్దున ముందు కొడుక్కి చెప్పాను. తర్వాత యాకూబ్ ఆటో ఎక్కి, దిగేముందు అతనికీ అంతా చెప్పాను. అతను చెయ్యి చాచి, మొదటిసారి నా దగ్గర కిరాయి తీసుకున్నాడు.

క్షమించాడో లేదో అడగలేదు. అడిగే ముఖం నాకెక్కడిది? ఇంటిదాకా నడుచుకుంటూ వచ్చాను. చల్లగాలి ఛాతీ నిండా ఆడింది.