బోరింగుల వికీ, కసామా బావ

జెలిఫా షావాకి ఏభై రెండేళ్ళు. చిపాటా పట్నంలో పాతకాలం వాళ్ళందరికీ ఆవిడ ముఖం కన్నా ముందు గొంతు తెలుసు. టెలిఫోను ఎక్స్ఛేంజిలో పద్దెనిమిదేళ్ళు తీగలు కలిపింది మరి. ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, ఎవరింట్లో కాన్పయినా ఆ ఇంటివాళ్ళ కంటే ముందు ఆవిడకే తెలిసేది. ఎక్స్ఛేంజి మూతపడ్డాక లైబ్రరీలో చేరింది. అక్కడ ఎవరో దానమిచ్చిన కంప్యూటర్లు దుమ్ము కొట్టుకుని మూల పడున్నాయి. ఇవి పనిచేయవులే అన్నారు అందరూ. ఆ మాట వింటే జెలిఫాకి ఒళ్ళు మండుతుంది. ఊడదీసి, తుడిచి, బిగించి, ఏడాది తిరిగేసరికి నాలుగింటిని లేపి కూర్చోబెట్టింది. ఏదైనా నేర్చుకునేదాకా ఇంట్లోవాళ్ళకి సరిగ్గా వండి పెట్టదు, నేర్చుకున్నాక మాత్రం పండగ చేస్తుంది. అదీ ఆవిడ పద్ధతి.

ఆవిడ తండ్రి చుట్టుపక్కల పల్లెల్లో బోర్లు వేసేవాడు, బోరింగులు బాగుచేసేవాడు. ఏ ఊరి బోరు ఎంత లోతు, ఏ పంపులో ఏ సైజు వాషరు పడుతుంది, ఎక్కడి నీళ్ళు ఇనుప పైపుల్ని తినేస్తాయి, అన్నీ ఆయన తలకాయలోనే ఉండేవి. ఒక్క ముక్క కాగితం మీద పెట్టలేదు మహానుభావుడు. ఆయన పోయిన ఏడాదే ఒక ఊళ్ళో బోరింగు ఆగిపోతే, ఎన్ని పైపులు దించారో చెప్పేవాడు లేక, సరైన సామాను దొరక్క, ఆ ఊరి ఆడవాళ్ళు ఎనిమిది నెలలు ఏటికి నడిచారు. జెలిఫాకి ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ తండ్రి మీద కోపం, దుఃఖం రెండూ కలిసే వస్తాయి.

ఆ తరంలో మిగిలింది ఒక్కడే, మతేయో న్జిమా తాత. తండ్రితో కలిసి పనిచేసిన మనిషి. ఎనభై ఒకటి దాటాయి. చూపు తగ్గిందని చిన్నకూతురు ఆగస్టు ఆఖర్లో వచ్చి లివింగ్‌స్టన్ తీసుకుపోతానంది. వెయ్యి కిలోమీటర్ల పైమాట. వెళితే ఇక తిరిగి రాడు. ఆయనతో పాటు నలభై ఊళ్ళ నీళ్ళూ బస్సెక్కి వెళ్ళిపోతాయని జెలిఫాకి బెంగ పట్టుకుంది.

అడగలేదా అంటే, మూడేళ్ళుగా అడుగుతూనే ఉంది. నోటుబుక్కు, పెన్ను పట్టుకుని, మోకాలు వంచి దండం పెట్టి మరీ అడిగింది. తాత కూడా అంతే మర్యాదగా చెప్పేవాడు. "ఆ ఊరి బోరింగు మంచిదే తల్లీ. దేవుడి దయ." దాన్నేం రాసుకుంటుంది? తాత మొండివాడూ కాదు, దాచుకునేవాడూ కాదు. పెన్ను చూడగానే ఆయనకి మంత్రిగారొచ్చినట్టు అనిపించి మంచి మాటలు మాత్రమే నోటికొచ్చేవి.

అప్పుడొచ్చింది వికీ ఆలోచన. ఊరికో పేజీ. ఎవరైనా చదవచ్చు, తెలిసినవాళ్ళు ఎవరైనా దిద్దచ్చు. పల్లెల్లో రిపేరు పని నేర్చిన ఆడా మగా అందరి దగ్గరా ఇప్పుడు ఫోన్లున్నాయి, బోరు దగ్గర నిలబడే చూసుకుంటారు. తాత నోరు విప్పకపోతాడా, తలా ఒక ముక్కా చేర్చకపోతారా అనుకుని, లైబ్రరీ బల్ల కింద ఉన్న పాత మిషన్ని సర్వరు చేయడానికి నడుం బిగించింది.

ఈ పనిలో ఆవిడకి సాయం, ఉత్తరాన ఉన్న కసామా అనే ఊరి లైబ్రరీలో ఇలాంటి ఉద్యోగమే చేసే కంపంబా. ఆయన బెంబా, ఈవిడ ఎంగోనీ. ముత్తాతల కాలంలో ఈ రెండు జాతులూ కత్తులు దూసుకున్నాయి. అందుకే ఇప్పుడు బావామరదుల వరస. ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకున్నవాడు ఓడినట్టు. చావింట్లో కూడా బావలే ముందుండాలి. వాళ్ళే గొయ్యి తవ్వుతారు, వాళ్ళే శవాన్ని వెక్కిరించి ఏడ్చేవాళ్ళని నవ్విస్తారు. ఇక కంపంబా ఫోనెత్తితే మొదటి మాట, "వదినా, ఇవాళ ఎన్ని ఎలకలు తిన్నావు?" ఈవిడ జవాబు, "నువ్వు తిన్న కోతుల కంటే తక్కువే మరిదీ." వీళ్ళు ఎలకలు తింటారని వాళ్ళూ, వాళ్ళు కోతులు తింటారని వీళ్ళూ ఎగతాళి చేయడం ఏనాటిదో. ఆ తరవాతే పని.

పని తేలిగ్గా జరగలేదు. మొదట డేటాబేసు పాస్‌వర్డు కుదరలేదు. అది కుదిరాక అడిగినవాటికన్నింటికీ ఓపిగ్గా జవాబులు నింపింది, ఆఖర్న "అయిపోయింది, శుభం" అని కూడా వచ్చింది. తీరా వికీ తెరిస్తే మళ్ళీ మొదటికొచ్చి "నన్ను ఇన్‌స్టాల్ చేయండి" అంటుంది. రెండు రోజులు అదే పాట. ఆఖరి మెట్టులో వికీ తయారుచేసి ఇచ్చిన సెట్టింగుల ఫైలుని తీసుకెళ్ళి సర్వరులో వికీ ఫోల్డర్లో పెట్టాలని, అది కాస్తా తన టేబులు మీది కంప్యూటర్లో డౌన్‌లోడ్లలో నిద్రపోతోందని కంపంబా చెప్పేదాకా తెలియలేదు. పెళ్ళికూతుర్ని బస్టాండులోనే వదిలేసి పెళ్ళి జరగలేదేమని ఏడిస్తే ఎలా వదినా అన్నాడు. ఆ ఫైలు చేరాల్సిన చోటికి చేరింది. తరవాత ఫొటోలు ఎక్కలేదు. సర్వరు రెండు మెగాబైట్లు దాటితే తీసుకోనంటుంది, ఈ కాలం ఫోన్లేమో నాలుగుకి తక్కువ తీయవు. ఆ పరిమితి పెంచింది, ఫోల్డరుకి రాసే అనుమతి ఇచ్చింది. ఒక శుక్రవారం సాయంత్రం నలభై ఊళ్ళ పేర్లతో, లోపల దాదాపు ఖాళీగా, బోరింగుల వికీ తెరుచుకుంది. ఆ వేళ జెలిఫా ఇంట్లో కోడి కూర.

సోమవారం పొద్దున్న వచ్చి చూస్తే పేజీలు నిండున్నాయి. సంతోషంతో కుర్చీ లాక్కుని కూర్చుంది. చదివాక రక్తం ఉడికింది. కంపంబా, ఆయన స్నేహితులూ కలిసి శని ఆదివారాలు చేసిన ఘనకార్యం అది. చిమ్వాలా అనే ఊరి పేజీలో, మతేయో తాత పేరు కింద ఇలా ఉంది: "ఈయన తవ్వినవి బోర్లు కావు, ఎలక కన్నాలు. మూడు గజాలు దిగేసరికి భోజనం దొరికింది, తవ్వడం ఆపేశాడు."

వేరే రోజైతే జెలిఫా పడీ పడీ నవ్వేది. కానీ మర్నాడు తాతని తీసుకొచ్చి ఈ వికీ చూపించాలనుకుంది. తాత వెళ్ళడానికి మూడు వారాలే ఉంది. అన్నీ చెరిపేసింది. సెట్టింగుల ఫైలు తెరిచి, తాను అనుమతించినవాళ్ళు తప్ప ఇంకెవరూ రాయకుండా ఒక లైను చేర్చింది. అక్కడితో ఊరుకోలేదు. కంపంబాకి ఫోను చేసి నిజంగా తిట్టింది. వేళాకోళం కాదు, ఒట్టి తిట్లు. అవతల మనిషి అంతా విన్నాడు. తరవాత "సరేనండీ" అన్నాడు. పదకొండేళ్ళ స్నేహంలో ఆయన ఆవిడని 'అండీ' అనడం అదే మొదలు.

మంగళవారం తాత సైకిలు టాక్సీ వెనక కూర్చుని వచ్చాడు. టోపీ ఒళ్ళో పెట్టుకుని తెర ముందు కుదురుగా కూర్చున్నాడు. జెలిఫా మళ్ళీ మోకాలు వంచింది, మళ్ళీ ఊళ్ళ పేర్లు చదివింది. తాత మళ్ళీ దేవుడి దయ అన్నాడు. ఆవిడకి ప్రాణం ఉసూరుమంది. మాటల మధ్యలో, బెంబాలు ఇందులో దూరి అల్లరి చేస్తే తాళం వేశానని కూడా చెప్పింది, మెచ్చుకుంటాడేమోనని.

తాత ముఖం మారిపోయింది.

"బావని గుమ్మం బయట నిలబెట్టావా?"

"తాతా, ఇదేం పెళ్ళి పందిరి కాదు. పని."

"నేను పోతే గొయ్యి తవ్వేదెవరే? నీ మిషనా?" అని టోపీ నెత్తిన పెట్టేసుకున్నాడు. "బావలు రాని ఇంట్లో నేను నోరిప్పను. తియ్యి తాళం."

జెలిఫా సిగ్గుతో చచ్చిపోయింది. ఎంగోనీల ఇంట పుట్టి, నలుగురికీ బుద్ధులు చెప్పే వయసులో, తాను చేసింది ఎంత తప్పో అప్పుడర్థమైంది. ఆయన ఎదురుగానే ఆ లైను తీసేసింది. అంతటితో వదల్లేదు తాత. ఇంతకీ వాళ్ళేం రాశారో చదవమన్నాడు. చెరిపేశానంది. వికీలో చెరిపినా పాత ప్రతి అలాగే ఉంటుంది కాబట్టి తప్పించుకోవడానికి లేకపోయింది. చరిత్ర పేజీ తెరిచి, గొంతు తగ్గించి, ఎలక కన్నాల దగ్గర్నుంచి భోజనం దాకా చదివింది.

తాత ముందు నవ్వాడు, పళ్ళు లేని నోరంతా తెరిచి. నవ్వు సగంలో ఉండగానే కర్ర నేలకేసి కొట్టాడు.

"మూడు గజాలా? వాడికి తెలిసింది కోతి తోక పొడుగొక్కటే. చిమ్వాలా బోరు నలభై రెండు మీటర్లు, పద్నాలుగు పైపులు, నా చేత్తో దించాను. రాయి అడ్డొస్తే మీ నాన్న మూడు రోజులు తిండి మానేశాడు. రాయవే, వాడి మొహాన రాయి."

రాసింది. వేళ్ళు నొప్పి పుట్టేలా రాసింది. ఆ ఊపులో తాత ఇంకో మూడు ఊళ్ళు చెప్పేశాడు. ఒక ఊళ్ళో సిలిండరు మిగతావాటి కంటే సన్నం, దానికి చిన్న వాషర్లే పడతాయన్నాడు. మూడేళ్ళలో రానిది ముప్పావు గంటలో వచ్చింది.

ఆ సాయంత్రం ఆవిడ కంపంబాకి ఫోను చేసి క్షమించమంది. ఊరికే క్షమించడం మా వంశంలో లేదు, తప్పు కింద కోడిపుంజు పంపించమన్నాడు. ఎలకని పంపుతానంది. 'వదినా' అన్న పిలుపు మళ్ళీ వచ్చాక ఊపిరి పీల్చుకుని, ఒక చిన్న కుట్ర చెప్పింది. రోజూ రాత్రి తాను మూడు ఊళ్ళ పేర్లు పంపుతుంది. పొద్దుటికల్లా ఆ మూడు పేజీల్లో ఆయన నోటికొచ్చిందల్లా రాసి పెట్టాలి. "ఇంత మంచి ఉద్యోగం నాకెవ్వరూ ఇవ్వలేదు" అన్నాడు కంపంబా.

అక్కణ్ణుంచి లైబ్రరీలో రోజూ తిరనాళ్ళే. ఒక ఊరి పంపు తుప్పుపట్టిన గాడిదలా అరుస్తుందని కంపంబా రాస్తే, అరిచేది పంపు కాదు, అయిదో రాడ్డు జాయింటు, దానికి ఫలానా నట్టు వేయాలని తాత గర్జించేవాడు. ఇంకో ఊరి నీళ్ళు తాగితే తలకాయ పనిచేయదని రాస్తే, ఆ నీళ్ళలో ఇనుము ఎక్కువ, మూడేళ్ళకోసారి కింది రెండు పైపులు మార్చాలి, అది తెలియని తలకాయ కసామాలో ఉందని జవాబు. వేరుసెనక్కాయలు వలుస్తూ వినడానికి జనం చేరేవారు. జెలిఫా తిట్లనీ ఉంచింది, వాటి కింద లెక్కల్నీ ఉంచింది. ఒక్కటీ చెరపలేదు.

తాత ప్రయాణం ముందురోజుకి ముప్పై తొమ్మిది ఊళ్ళు నిండాయి. మిగిలిన ఒక్కటీ కూడా చెప్పేసి, కర్ర ఊతగా లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "ఇవాళ రాత్రి వాడికి పంపడానికి ఊళ్ళేం లేవు పాపం" అన్నాడు.

నీకెప్పుడు తెలిసింది తాతా అంది జెలిఫా. మొదటి వారంలోనే కనిపెట్టాడట. రోజూ సరిగ్గా మూడు ఊళ్ళే తిట్టే బెంబాని ఎక్కడా చూడలేదన్నాడు. మరి తెలిసీ ఎందుకు కోప్పడ్డావు తాతా అని అడిగింది. "కోప్పడితేనే గుర్తొచ్చాయి" అని ఆయన సైకిలు టాక్సీ ఎక్కాడు.

అక్టోబరు ఎండల్లో మ్తోవే అనే ఊరి బోరింగు ఆగింది. అక్కడ రిపేరు చూసేది తియొనెంజి అనే పాతికేళ్ళ పిల్ల. ఫోన్లో పేజీ చూసింది, కావలసిన వాషర్లు, రెండు కొత్త పైపులు ముందే తెప్పించుకుంది, ఊళ్ళోవాళ్ళని కూడగట్టి పైపులు పైకి లాగింది. సాయంత్రానికి నీళ్ళు పడ్డాయి. ఆ రాత్రి వికీలో కొత్త మార్పులు చూస్తున్న జెలిఫా మ్తోవే పేజీ దగ్గర ఆగిపోయింది. తాత చెప్పిన పదమూడు పైపుల్ని ఆ పిల్ల పద్నాలుగుగా దిద్దింది. పక్కన "నేను లెక్కపెట్టాను" అని రాసింది.

పెద్దాయన చెప్పిన మాటని నిన్నగాక మొన్న పని నేర్చిన పిల్ల దిద్దిందని ఎలా చెప్పాలి? చెప్పకపోతే ఎలా? రెండు రోజులు నలిగి, ఆఖరికి లివింగ్‌స్టన్‌కి ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను కట్టయిందేమోనని పాత అలవాటు కొద్దీ "హలో, హలో" అంది.

"ఆ పిల్లే పైపులు తీసిందా?" అన్నాడు తాత.

"అవును తాతా."

"తనే లెక్కపెట్టిందా? తనే రాసిందా, నిన్నడక్కుండా?"

"అవును."

ఈసారి ఊపిరి వినిపిస్తోంది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆవిడకి తెలియలేదు.

"నేను తప్పు చెప్పినా నీళ్ళు వచ్చాయి కదే" అన్నాడు తాత.

కూతురు భోజనానికి పిలుస్తోందని ఆయనే ఫోను పెట్టేశాడు.