పంపు గుంటలో వెలిగిన టెస్టర్

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ధైర్యం కొద్దీ అంటున్న మాట కాదిది, విశ్వాసం కొద్దీ అంటున్న మాట. మా నాన్న సంఘపెద్ద. ఊహ తెలిసిన నాటి నుంచి నేను ఆదివారం బడిలోనే పెరిగాను. పెద్దయ్యాక అదే బడిలో పిల్లలకు వాక్యం నేర్పాను. చనిపోయినవాళ్లు పునరుత్థానం దాకా నిద్రలో ఉంటారని, లేచి వచ్చి మన పనుల్లో వేలు పెట్టరని నేర్చుకున్నాను, నేర్పాను. మా పల్లెలో ఎవరికైనా గాలి సోకిందంటే వెళ్లి ప్రార్థన చేసి, ముందు వాళ్లకి కడుపు నిండా అన్నం పెట్టమని చెప్పి వచ్చేవాణ్ణి.

ఇప్పటికీ నా నమ్మకం అదే. అయినా ఒక టెస్టర్ సంగతి నాకు అంతు పట్టలేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మాది పర్చూరు అవతల పల్లె. సొంత చేను లేదు, కౌలుకు మిరప వేసేవాణ్ణి. వరసగా రెండేళ్లు పూత మీదే నల్ల తామర పురుగు పడింది. కొట్టని మందు లేదు. ఆకులన్నీ పైకి ముడుచుకుపోయాయి. చేను గట్టున మోకాళ్లూని ఏడ్చాను. రెండో ఏడు మొక్కలు పీకి గట్టున కుప్పేస్తుంటే చేతులకు మంట కూడా తెలియలేదు. ఆ వానల్లోనే ఇంటి గోడ కూలింది. నా భార్య సువార్తకు అప్పుడు ఆరో నెల. మా అక్క వాళ్ల వసారాలో తడక కట్టుకుని ఉన్నాం. అక్క ఏమీ అనేది కాదు. ఏమీ అనకపోవడమే కష్టంగా ఉండేది.

గుంటూరులో ఒక అపార్ట్‌మెంట్‌లో మెయింటెనెన్స్ మనిషి కావాలని, సెల్లార్‌లో గది కూడా ఇస్తారని మా పాస్టరు గారి ద్వారా తెలిసింది. పొలాల్లో బోరు మోటార్లు కట్టి, విప్పి, పైపులు దించిన అలవాటు ఉంది నాకు. ఆ ధైర్యంతో వెళ్లాను.

అసోసియేషన్ సెక్రటరీ గారు రిటైరైన ఉద్యోగి. గది చూపిస్తూనే చెప్పేశారు. "నెల రోజులు చూస్తాం ఏసోబూ. పని వస్తే ఉంటావు. రాకపోతే గది ఖాళీ చెయ్యాలి. సామాన్లు మాత్రం నీవే తెచ్చుకోవాలి. నీ ముందున్న సాంబయ్య తాగి, మెయిన్ ఆపకుండా మోటారు దగ్గర చెయ్యి పెట్టి పోయాడు. మాకు ఎంత తలనొప్పో! నువ్వట్టాంటి పనులు చెయ్యకు."

ఆ గదికి కిటికీ ఒకటే. గోడలు చెమ్మ. అయినా తలుపు ఉంది, తలుపుకు గొళ్లెం ఉంది. సువార్త లోపలికి వెళ్లి ఆ గొళ్లెం వేసి, తీసి, మళ్లీ వేసి చూసింది. ఆ చప్పుడు విన్నాక నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. ఈ గది పోతే బిడ్డ వసారాలోనే పుడుతుంది.

గది ఊడుస్తుంటే మీటరు బోర్డు పైన సువార్తకు ఒక టెస్టర్ దొరికింది. స్క్రూడ్రైవర్ లాగే ఉంటుంది, కరెంటు ఉన్న చోట పెట్టి పిడి చివర వేలు ఆనిస్తే లోపల చిన్న బల్బు వెలుగుతుంది. పాతది. పిడి మీద రంగు మరకలు పడి లోపల ఏముందో కనిపించకుండా మసకబారింది. కింది భాగాన ఎండిపోయిన పసుపు, కుంకుమ. సాంబయ్య దసరాకు పూజలో పెట్టి ఉంటాడు.

"మనకెందుకది, అవతల పారెయ్" అంది సువార్త.

"ఇనుము ఇనుమే. ఇదేం చేసిందే పాపం" అని కడిగి జేబులో పెట్టుకున్నాను.

సామాన్ల కోసం మందు కొట్టే స్ప్రేయర్ అమ్మేసి, వీధి చివర ఇనుప సామాన్లు అమ్మే మస్తాన్ గారి కొట్టుకు వెళ్లాను. ఏం పని నీది అని అడిగాడాయన.

"నిన్నటి దాకా మిరప చేను అండి. రేపటి నుంచి అపార్ట్‌మెంట్."

"అయితే పురుగు చేనునొదిలి నిన్ను పట్టిందన్నమాట" అని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆయనే సర్దుకుని, ఒక్కొక్కటి తీసి గల్లా మీద పెట్టాడు. కటింగ్ ప్లేరు, సుత్తి, చిన్నా పెద్దా స్క్రూడ్రైవర్లు, పైపు రెంచి, హాక్సా బ్లేడు, కొలత టేపు, కుళాయి మరలకు చుట్టే తెల్ల టేపు, తీగకు చుట్టే నల్ల టేపు, టార్చిలైటు.

"మొదలెట్టేవాడికి ఇవి చాలు. మిగతావి పనే కొనిపిస్తది. టెస్టర్ ఇయ్యనా?"

"గదిలో ఒకటి ఉందండి."

"ఉంటే సరే. ఇయ్యన్నీ పని కోసమయ్యా. టెస్టర్ ఒక్కటే నీ కోసం. పొద్దున్నే కరెంటున్న ప్లగ్గులో పెట్టి చూడు. అది వెలిగితేనే పనికి పో. వెలగలేదంటే ఆ రోజు కరెంటు జోలికి పోమాక."

నేను ఆ మాట తప్పలేదు. రోజూ పొద్దున ప్రార్థన అయ్యాక గదిలో ప్లగ్గులో టెస్టర్ పెట్టేవాణ్ణి. వెలిగేది. పండు మిరపకాయ రంగులో, సన్నగా. సువార్త కాఫీ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి చూసేది. "వెలిగింది, ఇక వెళ్లు" అనేది. ఇది ముఖ్యం కాబట్టి రాస్తున్నాను. చూసింది నేనొక్కణ్ణే కాదు.

నెల చివరికి వచ్చింది. కారిపోయే కుళాయిలు, ఊడిన గొళ్లేలు, ఆగిన ఫ్యాన్లు అన్నీ చేస్తూనే ఉన్నాను. అయినా సెక్రటరీ గారు ఉండమని గానీ పొమ్మని గానీ అనలేదు. సువార్త కాళ్లు వాచాయి. రోజూ "ఏమన్నారు?" అని అడిగేది. కొన్నాళ్లకు అడగడం మానేసింది.

ఆ రోజు పొద్దున్నుంచి వాన. మధ్యాహ్నం కరెంటు పోయింది, జనరేటర్ వేశారు. కాసేపటికి మోటారు ఆగిపోయింది. పైన ట్యాంకు ఖాళీ. ఫ్లాట్ల వాళ్లు సెల్లార్‌లోకి దిగి వచ్చి సెక్రటరీ గారిని చుట్టుముట్టారు.

"స్నానాలకి కూడా కొనుక్కోమంటారా నీళ్లు?"

"నెల నెలా మెయింటెనెన్స్ దేనికి కడుతున్నామండీ?"

ఆయన వాళ్లను ఏమీ అనలేక నా వైపు తిరిగారు. "సాయంత్రానికి నీళ్లు రాకపోతే రేపు గది ఖాళీ చేసెయ్యి ఏసోబూ. నా చేతుల్లో లేదు."

మోటారు ఉన్నది సెల్లార్ మూల గుంటలో. వాన నీళ్లు మోకాలి దాకా నిండి ఉన్నాయి. మోటారు తీగ అతుకు కాలిన వాసన వస్తోంది. మెయిన్ నేనే నా చేత్తో దించాను. వీధి మొత్తం కరెంటు లేదు, జనరేటర్ కరెంటు కూడా ఆ మెయిన్ మీదుగానే మోటారుకు వస్తుందనుకున్నాను. ఇక ఆ తీగలో ప్రాణం ఉండటానికి దారే లేదని నాకు గట్టి నమ్మకం. సాంబయ్య పోయింది ఈ గుంటలోనే అని గుర్తొచ్చింది. తాగి ఉన్నాడన్నారు కదా, నేను తాగను కదా అనుకున్నాను. నీళ్లలోకి దిగాను. ప్రభువా, ఆ గది మాకు ఉండనివ్వు అని ప్రార్థించాను. ప్రాణం కాపాడమని అడగనే లేదు. గది కోసమే అడిగాను.

పైనుంచి "ఎంతసేపయ్యా!" అని కేక. ప్లేరు తీయబోయి, అలవాటు కొద్దీ ముందు టెస్టర్ తీశాను.

వెలిగింది.

రెండో తీగ మీద పెట్టాను, వెలగలేదు. మళ్లీ మొదటి దాని మీద పెట్టాను. వెలిగింది. రోజూ పొద్దున చూసే వెలుగే, ఆ చీకటి గుంటలో ఇంకా బాగా కనిపించింది.

కదలకుండా నిలబడి అరిచాను. "జనరేటర్ ఆపండి!"

"లిఫ్టులో మనుషులున్నారు!"

"ముందు ఆపండయ్యా, మీకు దండం పెడతా!"

ఆపారు. నా చేతిలో వెలుగు ఆరిపోయింది. అప్పుడు ఆ అతుకు కోసి, కొత్తగా కలిపి, టేపు చుట్టి పైకి వచ్చాను. మళ్లీ జనరేటర్ వేస్తే మోటారు తిరిగింది, పైన ట్యాంకులో నీళ్లు పడ్డాయి.

తర్వాత కరెంటు పనివాణ్ణి పిలిపిస్తే విషయం బయటపడింది. ఎప్పుడో ఎవరో జనరేటర్ తీగను మెయిన్ దాటించి నేరుగా మోటారు లైనుకు కలిపి, కనపడకుండా టేపు చుట్టేశారు. మెయిన్ దించినా, జనరేటర్ నడుస్తున్నంతసేపు ఆ తీగలో కరెంటు ఉంటుంది.

"సాంబయ్య పోయిన రోజు జనరేటర్ నడుస్తోందా అండీ?" అని సెక్రటరీ గారిని అడిగాను.

ఆయన మెయిన్ బోర్డు వైపే చూశారు. "నడుస్తోంది" అన్నారు. బోర్డు తలుపు మూస్తూ, "నువ్వు ఇక్కడే ఉండిపో ఏసోబూ. గది నీదే" అన్నారు.

మర్నాడు పొద్దున ప్లగ్గులో టెస్టర్ పెడితే వెలగలేదు. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, ఇది మాత్రం వెలగలేదు. తిప్పి పెట్టాను, తుడిచి పెట్టాను. సువార్త గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది. బల్బు పోయి ఉంటుంది, మార్పించుకుందామని మస్తాన్ గారి కొట్టుకు తీసుకెళ్లాను.

మూత తిరగలేదు. తుప్పుతో బిగుసుకుపోయింది. ఆయన ప్లేరుతో పట్టి తిప్పితే కిర్రుమని ఊడింది. గల్లా మీద బోర్లించాడు. ఎర్ర తుప్పు పొడి రాలింది. దాంతో పాటు బల్బు గాజు పెంకులు, తుప్పు పట్టి తునకలైన స్ప్రింగు. పెంకులు పొడిలో కలిసిపోయి, గోటితో గీకితే గానీ విడిపడలేదు.

"ఎప్పట్నుంచి మూల పడుందిది?" అన్నాడు.

"మూల పడలేదండి. నిన్న కూడా వాడాను."

"ఎగతాళా? ఎప్పుడో పైనించి పడి పగిలింది. మూత చూడు, తీసి ఎన్నాళ్లయిందో. ఇది చచ్చి ఏడాదైనా అయ్యుంటది. దీంతో నువ్వెట్టా చూశావయ్యా?" అని నవ్వాడు.

ఆయన నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. కొత్త టెస్టర్ ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. పాతదాని ముక్కలన్నీ కాగితంలో పొట్లం కట్టించుకున్నాను.

పాస్టరు గారికి చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పారు. "దేవుడు నిన్ను కాపాడాడు. ఆదివారం లేచి సాక్ష్యం చెప్పు" అన్నారు. ఆదివారం లేచి నిలబడ్డాను. సంఘమంతా నా వైపు చూస్తోంది. ప్రభువు నన్ను కాపాడాడు అన్నాను. చెయ్యి జేబులోని పొట్లం మీదకు పోయింది. ఇదే టెస్టర్, ఇదే గుంట, ఇదే తీగ. సాంబయ్య కూడా నాలాగే మెయిన్ దించి ఉంటాడు. నాలాగే తీగ మీద టెస్టర్ పెట్టి ఉంటాడు. పగిలిన బల్బు వెలగలేదు. వెలగలేదు కాబట్టి నమ్మాడు. ఆ పని దేవుడిదే అయితే, ఆ రోజు ఎందుకు చేయలేదు? స్తోత్రాలు మొదలయ్యాయి. నేను కూర్చున్నాను.

సాంబయ్య భార్య అంకమ్మ పిడుగురాళ్లలో తమ్ముడి ఇంట్లో ఉంటూ, సున్నం బట్టీల దగ్గర పనికి వెళ్తోందని తెలిసింది. టెస్టర్ తీసుకుని వెళ్లాను. సగం పనిలోంచి వచ్చిందేమో, కనుబొమల మీద కూడా సున్నం ఉంది. గోడకు చేర్చి మంచం వాల్చి కూర్చోమంది. జనరేటర్ తీగ సంగతి, టెస్టర్ లోపల చూసిన సంగతి అంతా చెప్పాను.

ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది. "అయితే చూసుకున్నాడన్నమాట" అంది. "తాగాడన్నారు బాబూ. మా తమ్ముడు కూడా అదే అన్నాడు. నేను ఎవరికి చెప్పినా ఇనలా. చూసుకున్నాడు, అంతేగా?"

"చూసుకున్నాడమ్మా."

కొంగుతో ముఖం తుడుచుకుంది. అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ దాచడం తప్పనిపించి, నా చేతిలో అది వెలిగిన సంగతి కూడా చెప్పాను.

ఆమె చేయి చాపింది. పొట్లం విప్పి ఇచ్చాను. ముక్కలన్నీ మళ్లీ పిడిలో వేసి, మూత బిగించి, లేచి గోడ మీది ప్లగ్గు దగ్గరికి వెళ్లింది. వద్దమ్మా అన్నాను. అది వెలిగేది కాదని తెలిసి కూడా నాకెందుకో భయమేసింది. ఆమె టెస్టర్ ప్లగ్గులో పెట్టి, చివర బొటనవేలు ఆనించి, ఆ మసక పిడిలోకి చూస్తూ నిలబడింది.

వెలగలేదు.

"అమ్మా, ఇక తీసెయ్" అన్నాను.

"ఉండు బాబూ, ఇంకాసేపు" అంది. వేలు తీయలేదు.

గది మాకే ఉంది. బిడ్డ అక్కడే పుట్టింది. కొత్త టెస్టర్ రోజూ వెలుగుతుంది. పాతది అంకమ్మ దగ్గరే వదిలేసి వచ్చాను. చనిపోయినవాళ్లు తిరిగి రారనే ఇప్పటికీ నమ్ముతున్నాను, పిల్లలకు అదే నేర్పుతున్నాను. అయితే ఆ గుంటలో నా చేతిలో వెలిగినది ఏమిటో నాకు తెలియదు. సాంబయ్య చేతిలో ఎందుకు వెలగలేదో అంతకన్నా తెలియదు. ప్రార్థనలో ఆ రెండో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నేను కూడా అంకమ్మ లాగే నిలబడి ఉంటాను.