మడమ చూసే మనిషి

కర్నూలులో మాకు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ నేర్పిన సార్ పోటీ జరుగుతుంటే తల ఎత్తేవాడు కాదు. జనం గుద్దులు చూసి ఈలలు వేస్తుంటే, ఆయన చూపు మాత్రం ఆడేవాళ్ల పాదాల మీదే ఉండేది.

“చేతులు ఎవురైనా ఊపుతారప్పా. దెబ్బ పాదంలో పుడతాది. మడమ తిరిగిందా ల్యాదా, అదొకటే సూడు” అనేవాడు.

తీర్పు చెప్పడం నాకు నేర్పిందీ ఆయనే. కడప పోటీల్లో ఇద్దరం ఒకే బల్ల దగ్గర జడ్జీలుగా కూర్చున్నాం. ఒకవైపు ఓర్వకల్లు ఆటోడ్రైవరు, మరోవైపు ఆ పోటీలు పెట్టించిన నాయకుడి అన్న కొడుకు. డ్రైవరు కొట్టిన ప్రతి గుద్దుకూ మడమ తిరిగింది. అన్న కొడుకు ఊరికే చేతులు విసురుతుంటే హాలంతా కేకలు.

చివరి రౌండులో పక్కకు చూశాను. సార్ తల ఎత్తి ఉన్నాడు. ముందు వరస సోఫాలోని నాయకుడిని చూస్తున్నాడు.

అన్న కొడుకే గెలిచాడన్నారు. డ్రైవరు చిట్లిన పెదవితోనే వచ్చి, మా ఇద్దరి కాళ్లకూ దండం పెట్టి వెళ్లిపోయాడు.

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. “ఆ డ్రైవరుకు మడమ తిరిగింది గదా సార్?”

“తిరిగింది. నువ్వూ సూసినావు గదప్పా. మరి నీ కాగితంలో ఏం రాసినావు?”

ఆయన తల ఎత్తడం చూడగానే నా కాగితంలో అంకెలు నేనూ దిద్దేశాను. కర్నూలు వచ్చేదాకా నేను తల ఎత్తలేదు.